బూట్ల జత దొంగిలించి టాస్మేనియా చేరిన పూర్వీకుడు: రికార్డులు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (మెల్‌బోర్న్ నుంచి)

అందరికీ నమస్కారం. మా కోడలు ఇక్కడి అమ్మాయి. వాళ్ల అమ్మ వైపు పూర్వీకుడొకరికి, బూట్ల జత దొంగిలించినందుకు, ఇంగ్లండులోని లాంకషైర్‌లో ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష పడిందట. 1845లో ఓడలో ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియా ద్వీపం చేరాడని వాళ్ల పాత నోటుపుస్తకంలో ఉంది. మా మనవరాలికి బడిలో కుటుంబ చరిత్ర రాయమన్నారు. ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణలన్నీ ఇంటర్నెట్‌లో ఉన్నాయంటే రెండు రాత్రులు కూర్చుని వెతికాను, దొరకలేదు. టాస్మేనియా ఖైదీల జాబితాలో చూస్తే అదే పేరుతో తొమ్మిది మంది ఉన్నారు. ఎవరు మావాడో ఎలా తెలుసుకోవాలి? ఇంకో మాట. పదేళ్ల పిల్ల నోటుపుస్తకంలో "దొంగతనం" అని రాయించడానికి నాకు మనసు ఒప్పడం లేదు. కోడలు మాత్రం రాయమనే అంటోంది.

జవాబు (టాస్మేనియా రాజధాని హోబార్ట్ నుంచి, విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు)

అమ్మా, మీరు వెతికిన చోటు వేరు, ఆ మనిషి ఉన్న చోటు వేరు. ఓల్డ్ బెయిలీ లండన్ కోర్టు. లాంకషైర్ కేసులు అక్కడికి వెళ్లవు. ముందు ఓడ పేరు పట్టుకోండి. ఇక్కడి కాగితాల్లో ఖైదీకి పేరు ఎంత ముఖ్యమో ఓడ అంతకన్నా ముఖ్యం. "ఫలానా ఓడ మీద వచ్చిన ఫలానావాడు" అనే రాసేవారు, శిక్ష ముగిశాక కూడా. ఆ తొమ్మిది మందిలో 1845లో దిగినవారు ఎందరో చూడండి. ఒకే ఓడ రెండు మూడు సార్లు వచ్చి ఉండవచ్చు కాబట్టి సంవత్సరం కూడా సరిపోవాలి. ఓడ దొరికితే తీగ దొరికినట్టే.

తర్వాత టాస్మేనియా గ్రంథాలయాల పేర్ల సూచికలో ఆ మనిషి ప్రవర్తన రికార్డు తెరవండి. రుసుము లేదు, అసలు పేజీ ఫొటోయే వస్తుంది. 1845లో వచ్చిన మగవారివి "కాన్ 33" అనే వరుసలో ఉంటాయి. చేతిరాత గొలుసుకట్టు, సంక్షిప్తాలు ఎక్కువ, మొదటి రోజు తల తిరుగుతుంది. కంగారుపడకండి. పై భాగంలో కోర్టు, తేదీ, శిక్షాకాలం ఉంటాయి. వాటి దగ్గరే "చెప్పిన నేరం" అని ఒక వాక్యం ఉంటుంది. దాన్ని మాత్రం వదలకండి. ఓడ దిగినప్పుడు గుమాస్తా అడిగితే ఖైదీ తన నోటితో చెప్పిన మాట అది. ఏమి తీశాడు, ఎవరి దగ్గర తీశాడు, అంతకుముందు ఎన్నిసార్లు దొరికాడు అన్నీ అందులోనే. నేను ఈ పేజీలు ఏళ్ల తరబడి చదువుతున్నాను. ఇప్పటికీ ఆ వాక్యం దగ్గర ఆగిపోతాను.

"ఒక్క బూట్ల జతకే" అని ఇళ్లల్లో చెప్పుకునే కథలు పూర్తి నిజం కాకపోవచ్చు. చాలామందికి అంతకుముందే చిన్న శిక్షలు పడి ఉండేవి. అయినా నేరానికీ శిక్షకూ తూకం మాత్రం ఘోరంగానే ఉండేది. 1789 జనవరిలో లండన్‌లో మేరీ వేడ్ అనే పది పదకొండేళ్ల పిల్లకు ఉరిశిక్ష వేశారు. ఇంకో పిల్లతో కలిసి, ఎనిమిదేళ్ల పాప ఒంటి మీది నూలు గౌను, భుజాల మీది వస్త్రం, టోపీ ఒలిచేసిందని కేసు. గౌను తాకట్టు కొట్టుకు చేరింది. శిక్ష తగ్గించి ఓడ ఎక్కిస్తే 1790లో సిడ్నీ చేరింది. ఆమె 1859 దాకా బతికింది. ఆస్ట్రేలియా ప్రధానిగా చేసిన కెవిన్ రడ్ ఆమె సంతతివారే. అమెరికా వలసలు చేజారిపోయాక బ్రిటన్ ఖైదీలను ఇటు మళ్లించింది. 1788 నుంచి 1868 వరకు దాదాపు 1,62,000 మంది వచ్చారు. అందులో మీ కోడలి పూర్వీకుడు ఒకడు.

పిల్ల చేత రాయించండమ్మా. తొలగించి రాస్తే ఆ మనిషి మళ్లీ అనామకుడైపోతాడు. ఒకప్పుడు ఇక్కడివాళ్లు కూడా దీన్ని మచ్చగా భావించి దాచేవారు. ఇప్పుడు వాళ్లే గ్రంథాలయాల్లో వరుసగా కూర్చుని వెతుక్కుంటున్నారు.

జవాబు (లండన్ నుంచి)

అక్కా, ఇక్కడ లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న జాతీయ ఆర్కైవ్స్‌లో (పాత ప్రభుత్వ రికార్డులు దాచే చోటు) 1805 నుంచి కౌంటీల వారీగా నేరస్థుల రిజిస్టర్లు ఉన్నాయి. లాంకషైర్, 1844 లేదా 1845 చూడండి, విచారణ ఏ కోర్టులో జరిగిందో తెలుస్తుంది. క్వార్టర్ సెషన్స్ (మూడు నెలలకోసారి కూర్చునే స్థానిక కోర్టు) అని ఉంటే ప్రెస్టన్‌లోని లాంకషైర్ ఆర్కైవ్స్‌కు రాయండి. సాక్షుల వాంగ్మూలం దొరికే అవకాశం ఉంది.

ప్రశ్న అడిగినవారు, పది రోజుల తర్వాత

మాస్టారూ, దొరికాడు! పేర్లు కలిసినవారిలో 1845లో దిగినది ఇద్దరే. ఒకడిది యార్క్‌షైర్. రెండోవాడు మావాడే. వయసు పందొమ్మిది, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, ఎడమ చేతి మీద లంగరు పచ్చబొట్టు, దాని కింద రెండు అక్షరాలు. అవి అతని తల్లి పేరుకు సరిపోతున్నాయని కోడలు కనిపెట్టింది. చెప్పిన నేరంలో బూట్లతో పాటు "అంతకుముందు ఒక చొక్కాకు రెండు నెలలు" అని కూడా ఉంది. మనవరాలు ఆ లంగరు బొమ్మ తన పుస్తకంలో వేసుకుంది. దొంగతనం అన్న మాట తనే రాసింది, నేను అడ్డు చెప్పలేదు. కానీ 1852లో విడుదల పత్రం తర్వాత పేజీ ఖాళీ. చనిపోయాడా?

జవాబు (హోబార్ట్ నుంచి)

చాలా సంతోషం తల్లీ. ఖాళీ పేజీ అంటే చావు కాదు. స్వేచ్ఛ దొరికాక ప్రభుత్వం ఇక లెక్క రాయలేదు, అంతే. 1851లో మీ మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియాలో బంగారం బయటపడింది. శిక్ష తీరినవారు ఎందరో సముద్రం దాటి అటే వెళ్లారు. మీ కోడలి కుటుంబం మెల్‌బోర్న్‌లోనే ఉందంటే అటే వెతకాలి. విక్టోరియాలో 1853 జూలై నుంచి పెళ్లిళ్ల నమోదు ప్రభుత్వం చేస్తోంది. ఆ పత్రంలో పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు రాసేవారు. ఖైదీగా దిగినప్పటి జాబితాలో కూడా పుట్టిన ఊరు, కుటుంబ సభ్యుల పేర్లు ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి తల్లి పేరు కలుస్తుందేమో చూడండి. ఆ లంగరు కింది అక్షరాలు మీకు అక్కడ మళ్లీ పనికొస్తాయి.