పాత టాటా 207కి కొత్త సెట్టు తగిలిస్తే లైట్లు వెలుగుతున్నాయి, పాట రావట్లేదు

మదనపల్లె 207: అన్నలందరికీ నమస్కారం. నాది టాటా 207 డీఐ, 2005 మోడల్. మదనపల్లె నుంచి చెన్నై కోయంబేడు మార్కెట్‌కి టమాటా లోడు, అంతా రాత్రి ప్రయాణమే. బండిలో మొదటి నుంచీ క్యాసెట్ సెట్టు, డోర్లలో రెండు స్పీకర్లు. ఆ సెట్టు పోతే, తెలిసినాయన దగ్గర యూఎస్‌బీ, బ్లూటూత్ ఉన్న సెట్టు తెచ్చి పాత వైర్లకే తగిలించినా. నల్లగీత ఉన్న వైర్లు మిగిలిపోతే అన్నీ కలిపి ఎర్త్‌కి, అంటే బండి రేకుకి చుట్టేసినా. డిస్‌ప్లేలో పాట పేరు కదులుతా ఉంది, సౌండు మాత్రం లేదు. కాసేపటికి సెట్టు వెనక చెయ్యి పెట్టలేనంత వేడి. షాపులో అడిగితే ఆండ్రాయిడ్ స్క్రీను, ఆంప్లిఫయరు, బాస్ ట్యూబు (గొట్టంలాంటి బాస్ స్పీకరు) అన్నీ వేయించుకోమంటున్నారు. నా దగ్గరుండేది ఎనిమిది వేలు. ఏం చేయమంటారు?

ఆటోనగర్ వైరింగ్: ముందు ఆ సెట్టు కనెక్షన్ పీకెయ్ తమ్ముడూ, మళ్లీ ఆన్ చేయొద్దు. డోర్ ప్యాడ్ విప్పి ఒక్కటి చూడు. సెట్టు నుంచి ఒక్కో స్పీకరుకి ఎన్ని వైర్లు పోతున్నాయి?

మదనపల్లె 207: ఒక్కటే అన్నా. స్పీకరు రెండో కాలికి జానెడు వైరు కట్టి డోరు రేకుకే స్క్రూ బిగించినారు. రెండు పక్కలా అంతే.

ఆటోనగర్ వైరింగ్: అనుకున్నా. పాత క్యాసెట్ సెట్లు చాలావాటిలో స్పీకరు మైనస్, బండి బాడీ ఒకటే. వైరు మిగులుతుందని అప్పట్లో అలా కట్టేవాళ్లు, నడిచేది కూడా. ఇప్పటి సెట్లో లోపలున్న ఐసీ, అంటే సౌండు పెంచే చిప్పు, స్పీకరు రెండు కాళ్లనూ నడుపుతుంది. పాట లేనప్పుడు కూడా ఆ రెండు వైర్ల మీదా బాడీకి చూస్తే దాదాపు 6 ఓల్టులు ఉంటాయి. వాటిలో ఏది రేకుకి తగిలినా షార్టే. ప్రొటెక్షన్ ఉన్న సెట్టు సౌండు ఆపేసి కూర్చుంటుంది, లేనిది కాలిపోతుంది. నీది వేడెక్కి ఆగిందంటే బతికే ఉండొచ్చు.

డోరు రేకుకి ఉన్న ముక్క పీకెయ్. ఒక్కో స్పీకరుకి రెండేసి కొత్త వైర్లు లాగు, 1 స్క్వేర్ ఎంఎం చాలు. డోరు హింజి దగ్గర రబ్బరు బుష్‌లోంచే తియ్యి, లేకపోతే రేకు అంచుకి ఇన్సులేషన్ కోసుకుపోయి మళ్లీ ఇదే కథ. తెలుపు, తెలుపు మీద నల్లగీత ఎడమ స్పీకరుకి. బూడిద రంగు, దాని మీద నల్లగీత కుడి స్పీకరుకి. ఆకుపచ్చ, ఊదా జతలు వెనక స్పీకర్లవి. నీకు అవి లేవు కాబట్టి కొసలకి విడివిడిగా టేపు చుట్టి వదిలెయ్. కలిపి చుట్టావో, ఇప్పుడు జరిగిందే జరుగుతుంది.

పవర్ వైపు పసుపు వైరు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా నేరుగా రావాలి, ఎరుపు తాళం తిప్పితే వచ్చే లైనుకి. ఆ రెండూ తాళం లైనుకే కట్టేస్తే ఆపిన ప్రతిసారీ గడియారం, స్టేషన్లు పోతాయి. రెండూ బ్యాటరీకే కడితే, బండి నాలుగు రోజులు ఆగినప్పుడు సెల్ఫ్ లేవదు.

నలుపు వైరు ఎర్త్‌ది. దాన్ని పెయింటు మీదే స్క్రూ వేసి బిగించొద్దు, రేకు మెరిసేదాకా గీకు. బిగించాక హారన్ నొక్కిపెట్టి, ఆ నలుపు వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టు. 0.2 ఓల్టు దాటితే ఎర్త్ బాగాలేదని లెక్క. ఆక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్లో కుయ్యిమని పెరిగే మోత కూడా ఎక్కువగా ఎర్త్ నుంచే.

నైట్ లోడు: అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఓల్టేజీ చూడు. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే సరే. 15 దాటుతుంటే ముందు ఛార్జింగ్‌ని అదుపులో పెట్టే రెగ్యులేటర్ సంగతి చూసుకో, సెట్టు తర్వాత.

స్క్రీను మాట మర్చిపో. నీ డ్యాష్‌లో ఉన్నది సింగిల్ డిన్ అనే చిన్న సైజు సందు, ఎత్తు 5 సెంటీమీటర్లే. పెద్ద స్క్రీను పట్టాలంటే డ్యాష్ కోయాలి. సీడీ లేని మామూలు బ్రాండు సెట్టు చాలు. డబ్బా మీద 50×4 వాట్లు అని ఉంటుంది, దాన్ని నమ్మకు. 14.4 ఓల్టులకి 4 ఓమ్ స్పీకరు మీద లెక్క కట్టినా 26 వాట్లు దాటవు. శుభ్రంగా వినబడేది ఇంకా తక్కువ. అందుకే స్పీకరు కొనేటప్పుడు వాట్లు కాదు, సెన్సిటివిటీ చూడు, అంటే ఒకే పవరుకి ఎంత సౌండు ఇస్తుందో. 90 డీబీ పైన ఉన్నది తీసుకో. 87 ఉన్నదాని పక్కన పెడితే, సగం పవరుతోనే అంత సౌండు ఇస్తుంది. డీజిల్ మోతలో ఆ తేడా బాగా తెలుస్తుంది. నీ ఎనిమిది వేలల్లో సగానికి పైగా స్పీకర్లకే పెట్టు.

మదనపల్లె 207: స్పీకర్లు ఆరున్నర అంగుళాలవి వేయొచ్చా? ఇప్పుడున్నవి చిన్నవి.

నైట్ లోడు: కోసేముందు అద్దం పూర్తిగా కిందికి దించి, స్పీకరు అయస్కాంతానికి ఎంత లోతు మిగిలిందో కొలువు. తగలకపోతే వేసుకో. రేకు వంకరగా ఉంటే మధ్యలో ప్లైవుడ్ రింగు పెట్టు. వానాకాలంలో డోరు లోపలికి నీళ్లు దిగుతాయి, కాబట్టి స్పీకరు పైన చూరులాగా ప్లాస్టిక్ ముక్క ఒకటి అతికించు. డోర్ ప్యాడ్ వెనక షీటు చిరిగి ఉంటే కొత్తది వెయ్యి. సందులన్నీ మూస్తే బాస్ దానంతటదే పెరుగుతుంది, ట్యూబు అక్కర్లేదు. అయినా సింగిల్ క్యాబిన్లో సీటు వెనక ట్యూబు పెడితే జాకీ ఎక్కడ పెడతావు?

ఆటోనగర్ వైరింగ్: ప్లస్, మైనస్ గుర్తు లేకపోతే 1.5 ఓల్టుల పెన్సిల్ సెల్ స్పీకరుకి క్షణం తాకించు. కోను బయటికి దూకితే సెల్ ప్లస్ తగిలిన కాలే ప్లస్. ఒక పక్క సరిగ్గా, ఇంకో పక్క తిరగేసి కడితే రెండూ కొట్టుకుని బాస్ మాయమైపోతుంది. అప్పుడు స్పీకర్లు బాగాలేవని షాపువాడితో గొడవ.

మదనపల్లె 207: నాలుగు వైర్లూ కొత్తగా లాగినా అన్నా. అదే సెట్టు, అవే పాత స్పీకర్లు, పాట వస్తా ఉంది! స్పీకర్లు వచ్చే లోడు డబ్బుతో మారుస్తా. ఇంకొకటి, ఎఫ్ఎం పెడితే బరబరమని శబ్దం. సెల్ ఛార్జర్ పీకితే తగ్గుతుంది.

ఆటోనగర్ వైరింగ్: చవక ఛార్జరే కారణం. ఇంకోటి మార్చి చూడు. ఏరియల్ కింద రేకు కూడా తుప్పు గీకి బిగించు, అది కూడా ఎర్తే.