మన మోటార్ స్టార్టర్ లెక్కలు కంపెనీ సర్వర్‌కి ఎందుకు పోవల్ల?

చీనీతోట_నార్పల:
మా బోరుకి సిమ్ వేసే మొబైల్ స్టార్టర్ పెట్టినామప్పా, ఇంట్లో నుంచే ఆన్ ఆఫ్, బాగానే ఉంది. మొన్న సర్వీసుకొచ్చిన పిల్లోడు తన ఫోన్లో యాప్ తెరిచి ఊర్లో ఎవరి మోటార్ ఎన్ని గంటలు ఆడింది, ఎవరిది ఎన్నిసార్లు డ్రై రన్ అయింది, అంటే నీళ్లు లేకుండా ఉత్తగా ఆడింది, అంతా చూపించినాడు, ఏదో గొప్పగా. నా బోరు ఎండిపోతా ఉందని ఇంట్లో ఆమెకే ఇంకా చెప్పలేదు సామీ, వానికెట్ల తెలియల్ల?

కడప_కరెంటోడు:
డేటా లేకుంటే కంట్రోల్ ఎట్లయితాదన్నా? పగలు 9 గంటల కరెంటు ఇస్తానే అందరూ ఒకేసారి స్విచ్ వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతాది. లోడ్ తెలియల్ల గదా మాకు.

కర్నూల్_ఎంటెక్:
మీకు కావాల్సింది మొత్తం లోడ్, ఆయన ఒక్కడిది కాదు. ఆయన మీటర్ రీడింగ్ 5 అయితే, పక్క మీటర్‌తో ముందే అనుకున్న రహస్య అంకె 7 కలిపి 12 అని పంపుతుంది, పక్క మీటర్ తన రీడింగ్ 6లోంచి అదే 7 తీసి మైనస్ 1 అని పంపుతుంది, మీకు 11 కరెక్ట్‌గా వస్తుంది, ఎవరిది ఎంతో తెలీదు. ఇదేం మనకొక్కరికే పుట్టిన భయం కాదు, నెదర్లాండ్స్‌లో స్మార్ట్ మీటర్లు తప్పనిసరి చేద్దామంటే ప్రైవసీ మాటమీదే 2009లో వాళ్ల సెనేట్ ఒప్పుకోలేదు.

కడప_కరెంటోడు:
పక్కోడి సిమ్‌కి సిగ్నల్ పోతే ఆ 7 ఎవడు తీస్తాడు బ్రో? మా ఊర్లో వాన పడితే టవరే ఉండదు 😀

కర్నూల్_ఎంటెక్:
అది నిజమే, దానికి వేరే ఏర్పాటు పెట్టుకోవల్ల. అట్లని అసలు లెక్క దాచేదానికి రీడింగులోనే ఊరికే తప్పు లెక్క కలిపితే ఇంకా కష్టం, ట్యాంక్ లెవెల్ సెన్సార్‌లో కలిపినామనుకో మోటార్ ఊరికూరికే ఆన్ ఆఫ్ కొట్టి స్టార్టర్లో స్విచ్చు లాంటి కాంటాక్టర్ మాడిపోతాది. ఎన్‌క్రిప్షన్, అంటే డేటాకి తాళమేసి పంపేది, ఉంది కదా అంటారు, అది దారిలో దొంగని ఆపుతాది గానీ సర్వర్లో లాగిన్ ఉన్న పిల్లోడ్ని ఎట్ల ఆపుతాది?

చీనీతోట_నార్పల:
మీ లెక్కలు సగం అర్థమైనాయి. నిన్న సిమ్ పీకేసి చూసినా. నీళ్లు తగ్గుతానే ఆంపియర్లు పడిపోయినాయి, పెట్టె దానంతటదే ఆపేసింది, సర్వర్ని అడగనే లేదు. ఇప్పుడు మోటార్ వేసేదానికి పొద్దున్నే తోటకి నడస్తా ఉండా, అంతే తేడా.