శనివారం పనులు: హాలు వాళ్ళ మెయిల్ వచ్చింది, అందరూ చూడండి

కార్యదర్శి, సోమవారం రాత్రి 9:15
అందరికీ నమస్కారం. శనివారం మన సంఘం వార్షికోత్సవానికి ఇంక ఐదు రోజులే ఉంది. రిజిస్ట్రేషన్ టేబుల్‌కి ఇద్దరు, పార్కింగ్‌కి నలుగురు కావాలి. బ్యానర్ ఇంకా ప్రింటింగ్‌కి ఇవ్వలేదు. జ్ఞాపికల మీద పేర్లు ఒకసారి ఎవరైనా సరిచూడాలి. మాస్టారి రాక్ బ్యాండ్ 7 గంటలకి, 25 నిమిషాలు. రేపు రాత్రికల్లా ఎవరు ఏ పని చేస్తారో చెప్పండి.

సాంస్కృతిక విభాగం, 9:32
రిజిస్ట్రేషన్‌కి నేనుంటాను. ఇంకొకరు కావాలి.

కార్యదర్శి, మంగళవారం మధ్యాహ్నం 1:05
హాలు వాళ్ళ నుంచి ఇప్పుడే మెయిల్ వచ్చింది. స్టేజీ మీద డ్రమ్ కిట్ పెట్టకూడదట. సొంత యాంప్లిఫయర్లు తేకూడదట. వాళ్ళ సౌండ్ సిస్టమే వాడాలి. పైన మైకు ఒకటి ఉంటుంది, శబ్దం హద్దు దాటితే స్టేజీకి కరెంటు దానంతటదే ఆగిపోతుంది. అరగంట ఫోన్‌లో బతిమాలాను. చుట్టూ ఇళ్ళున్నాయి, ఇదివరకే ఫిర్యాదులు వచ్చాయి, కుదరదన్నారు.

డ్రమ్స్ పాప వాళ్ళమ్మ, 1:20
ఇప్పుడా చెప్పడం? ఆరు వారాలుగా పాప వారానికి మూడు రోజులు ప్రాక్టీస్ చేస్తోంది. పరీక్షలప్పుడు కూడా మానలేదు. సాయంత్రం స్కూల్ నుంచి వస్తుంది, ఏం చెప్పమంటారు దానికి?

కోశాధికారి, 1:41
ఒప్పందం నాలుగో పేజీలోనే ఉంది. ఇప్పుడు హాలు మారిస్తే అడ్వాన్స్ వెనక్కి రాదు, ఇంకో హాలుకి కట్టడానికి ఖాతాలో అంత లేదు.

డ్రమ్స్ పాప వాళ్ళమ్మ, 1:44
ఉందని తెలిసే ఊరుకున్నారా అన్నయ్యగారూ?

కోశాధికారి, 1:50
డబ్బు కట్టడం వరకే నా పని. కార్యక్రమాల్లో ఏముందో నన్నెవరూ అడగలేదు. అడిగుంటే అసలు వార్షికోత్సవంలో ఇంత గోల సంగీతం ఎందుకనే అనేవాణ్ని. ముందే రికార్డు చేసిన ట్రాక్ వేసి పిల్లల్ని ముందు నిలబెడితే సరిపోతుంది కదా. ఎవరికీ తెలియదు.

గిటార్ కుర్రాడు, 2:03
మాకు తెలుస్తుంది అంకుల్.

కార్యదర్శి, 2:10
సంతకం పెట్టింది నేను. నాలుగో పేజీ చదవలేదు. తప్పు నాది. దయచేసి ఒకరినొకరు అనుకోవద్దు.

మాస్టారు, సాయంత్రం 6:30
క్లాసులు అయ్యాక ఇప్పుడే అన్నీ చదివాను. ట్రాక్ మాత్రం వద్దు. అది పెడితే నేను స్టేజీ ఎక్కను.

గోల అన్నారు కాబట్టి ఒక మాట చెప్పనివ్వండి. ఇన్నేళ్ళూ మీ అందరి పాటలకీ కీబోర్డ్ వాయించాను, ఇష్టంగానే వాయించాను. ఈ సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు. నాకు పదహారేళ్ళప్పుడు ఒక స్నేహితుడు రమోన్స్ అనే అమెరికన్ పంక్ రాక్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. 1976లో వచ్చిన రికార్డు. పద్నాలుగు పాటలు, మొత్తం కలిపి 29 నిమిషాలు. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు సరిగ్గా పట్టింది. అప్పటికి ఆరేళ్ళుగా సంగీతం నేర్చుకుంటున్నాను. నలుగురిలో వాయించే అర్హత ఇంకా రాలేదనే భయంతోనే ఆ ఆరేళ్ళూ గడిచాయి. ఈ బ్యాండ్‌లోని నలుగురు మాత్రం గిటార్ మీద రెండు మూడు కార్డ్స్‌తో, అంటే రెండు మూడు స్వరాల కలయికలతో, ఒన్ టూ త్రీ ఫోర్ అని అరిచి మొదలుపెట్టేస్తున్నారు. వాళ్ళ డ్రమ్మర్ టామీ అంతకు ముందు డ్రమ్స్ వాయించినవాడే కాదు. ఆ వేగానికి తగ్గ మనిషి దొరక్క తనే కూర్చున్నాడు. ఆ రాత్రి క్యాసెట్ ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో. మర్నాడే నలుగురి ముందు వాయించాను. తప్పులు వాయించాను. ఎవరూ లేచి వెళ్ళిపోలేదు.

వాళ్ళు తొలిరోజుల్లో వాయించిన న్యూయార్క్ సీబీజీబీ క్లబ్బుని కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ పాటల కోసం పెట్టారు. పేరులోని అక్షరాలు అవే. దాని యజమాని వేరే సంగీతం వచ్చినా చోటిచ్చాడు. మన స్టేజీ కూడా ఒక్క 25 నిమిషాలు ఇవ్వగలదనుకుంటాను.

డ్రమ్ కిట్ వద్దంటే వద్దు. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే ఇంకో న్యూయార్క్ రాక్ బ్యాండ్‌లో డ్రమ్మర్ మో టకర్ నిలబడి వాయించేది. బేస్ డ్రమ్‌ని పడుకోబెట్టి మ్యాలెట్లనే గుండుతల కర్రలతో కొట్టేది, సింబల్స్, అదే ఆ లోహపు పళ్ళేలు, దాదాపు ముట్టుకునేదే కాదు. ఒకసారి ఆమె డ్రమ్స్ ఎవరో దొంగిలిస్తే బయట ఉన్న చెత్తడబ్బాలు తెచ్చి వాయించింది. పాపకి ఈ సంగతి చెప్పమ్మా. ఒక స్నేర్ అనే చిన్న డ్రమ్, ఒక ఫ్లోర్ టామ్ అనే నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్ చాలు.

డ్రమ్స్ పాప వాళ్ళమ్మ, 7:15
చెప్పాను మాస్టారూ. అరగంట తలుపేసుకుని ఏడ్చింది. తర్వాత బయటికొచ్చి చెత్తడబ్బాల సంగతి మళ్ళీ అడిగింది. ఇప్పుడు ఇంట్లో నిలబడి కుర్చీ మీద కొడుతోంది.

సౌండ్ టీమ్, 8:40
నేను ఆఫీసు నుంచి ఇప్పుడే చూశాను. డ్రమ్ కిట్ గట్టిగా వాయిస్తే మైకు లేకపోయినా గదిలో 100 డెసిబెల్స్ దాటడం మామూలే. 10 తగ్గించగలిగితే చెవికి సుమారు సగమే అనిపిస్తుంది. స్టిక్స్ బదులు బ్రష్‌లు వాడదాం, సింబల్స్ తీసేద్దాం, టామ్ మీద తువ్వాలు పరుద్దాం. పక్కింటి గోడ దాకా వెళ్ళేది ఎక్కువగా బేస్ శబ్దమే, కాబట్టి బేస్ గిటార్‌లో కింది స్వరాలు మిక్సర్‌లో కోసేస్తాను. గిటార్లకి యాంప్ అక్కర్లేదు. కాలితో నొక్కే పెడల్ నుంచి డీఐ బాక్స్ (గిటార్‌ని నేరుగా మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె), అక్కణ్ణుంచి వాళ్ళ మిక్సర్. డిస్టార్షన్, అంటే రాక్ గిటార్ గరగర అంతా పెడల్లోనే వస్తుంది, వాల్యూమ్ మన చేతిలో ఉంటుంది.

గిటార్ కుర్రాడు, 8:52
మాస్టారూ, డౌన్‌స్ట్రోక్స్ మాత్రం వదలనండీ. మణికట్టు నొప్పి ఇప్పుడిప్పుడే తగ్గుతోంది.

మాస్టారు, 9:05
వదలొద్దు నాన్నా. రమోన్స్ గిటారిస్టు జానీ రమోన్ దాదాపు ప్రతి దెబ్బా పైనుంచి కిందికే కొట్టేవాడు, ఆ పాటల ఊపంతా అందులోనే ఉంది. చిన్నగా వాయించినా చెయ్యి అలాగే కదలాలి.

కార్యదర్శి, బుధవారం ఉదయం 8:20
హాలు వాళ్ళకి ఈ సామానంతా రాసి పంపాను. స్నేర్, టామ్ మాత్రమే అయితే సరే అన్నారు. రేపు సాయంత్రం గంటసేపు వచ్చి పరీక్షించుకోమన్నారు.

కోశాధికారి, 8:47
అమ్మా, నిన్న ఎక్కువ మాట్లాడాను. పిల్లల్ని ట్రాక్ ముందు నిలబెట్టమనడం నాదే పొరపాటు. మాస్టారూ, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. డీఐ బాక్సులు అద్దెకి తేవాలా? నేను ఇస్తాను, సంఘం ఖాతాలో రాయక్కర్లేదు.

డ్రమ్స్ పాప వాళ్ళమ్మ, 9:10
నేనూ గట్టిగా అన్నాను అన్నయ్యగారూ, మనసులో పెట్టుకోకండి. పాప బ్రష్‌లు వద్దంటోంది. సన్నటి కర్రల కట్టలుంటాయట, అవి కావాలట.

సౌండ్ టీమ్, 9:18
రాడ్స్. నా దగ్గర ఒక జత ఉంది. బ్రష్ కంటే దెబ్బ బాగా తెలుస్తుంది, స్టిక్ అంత శబ్దం రాదు. పాప అడిగింది సరైనదే.

సౌండ్ టీమ్, గురువారం రాత్రి 10:05
పరీక్ష అయింది. మొదటి పాట రెండో చరణంలో కరెంటు పోయింది. గిటార్లు ఆగిపోయినా పాప ఆగలేదు, టామ్ కొడుతూనే ఉంది. మాస్టారు మైకు లేకుండానే పాడారు, కుర్రాళ్ళూ గొంతు కలిపారు. హాలు మేనేజర్ తలుపు దగ్గర నిలబడి పాట అయ్యేదాకా విన్నారు. తర్వాత మాతో పాటు కూర్చుని మైకుకి దూరంగా స్పీకర్లు తిప్పించారు. ఆ తర్వాత ఆరు పాటలకీ ఒక్కసారి కూడా పోలేదు.

మాస్టారు, 10:20
ఆ మొదటి పాట శనివారం కూడా అలాగే చేద్దాం. సగం దాకా గిటార్లతో, తర్వాత అన్నీ ఆపేసి టామ్, గొంతులు మాత్రమే. నలభై అయిదేళ్ళలో ఆ పాట నాకు ఇంత బాగా ఎప్పుడూ వినిపించలేదు.

సాంస్కృతిక విభాగం, 10:31
అయితే మొదటి వరుసలో మేమందరం నిలబడి పల్లవి అందుకుంటాం. మాటలు పంపండి.

గిటార్ కుర్రాడు, 10:33
నాలుగే లైన్లు ఆంటీ, రాత్రికే పంపుతాను.

సౌండ్ టీమ్, 10:40
టామ్ కింద వేయడానికి మందపాటి దుప్పటి కావాలి, స్టేజీ చెక్క మోగుతోంది.

కోశాధికారి, 10:42
నేను తెస్తాను. రెండు తెస్తాను.