కెన్యా పాపకి నెలనెలా డబ్బు పంపితే నిజంగా మేలు జరుగుతుందా?

పర్లాకిమిడి అమ్మ:
అందరికీ నమస్కారం. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి మూడు నెలలుగా కెన్యాలో ఒక పల్లెటూరి పాపకి స్పాన్సర్‌గా నెలకి రెండు వేలు కడుతోంది. పాప ఫోటో, ఒక ఉత్తరం వచ్చాయి. ఫ్రిజ్ మీద అంటించుకుంది. ఇంట్లో మాత్రం రోజూ గొడవే. మన కొండల మీద సవర పిల్లలు చెప్పుల్లేకుండా బడికి వెళ్తుంటే ఆఫ్రికా దాకా ఎందుకు అంటారు వాళ్ల నాన్న. నా టెన్షన్ వేరు. ఆ డబ్బు పాపకి చేరుతుందా, చేరినా ఊరికి ఏమైనా మిగులుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

రాయగడ బాబు:
అమ్మా, నేను అలాంటి డబ్బుతో చదువుకున్నవాణ్ణే. ఇక్కడే ఒక హాస్టల్లో. ఏటా దాతకి ఉత్తరం రాయాలి. వార్డెన్ బోర్డు మీద రాసేవాడు, మేమంతా అదే దించేవాళ్లం. ఆ చదువు లేకపోతే నేను ఈ రోజు బ్యాంకులో ఉండేవాణ్ణి కాదు, అది మర్చిపోను. కానీ నాకు కొత్త బ్యాగు వచ్చిన రోజు మా తమ్ముడు దాన్ని పట్టుకుని చూసిన చూపు కూడా మర్చిపోలేదు. వాడికి స్పాన్సర్ దొరకలేదు.

జయపురం టీచర్:
మీరు చెప్పిన ఇబ్బంది ఈ సంస్థలకీ తెలుసు బాబూ. యాక్షన్ ఎయిడ్ 1972లో మొదలైంది ఇండియా, కెన్యాల్లో 88 మంది పిల్లలకి స్పాన్సర్లను చూపించే. తర్వాత తర్వాత ఒక్కో పిల్లవాడి చేతిలో పెట్టే సాయం నుంచి ఊరంతటికీ పనికొచ్చే బడి, నీళ్లు, ఆడవాళ్ల సంఘాల వైపు మళ్లింది. ఇంకో విషయం. కంపాషన్ అనే సంస్థ సాయం పొందిన పిల్లల మీద 2013లో ఒక అధ్యయనం వచ్చింది, ఆరు దేశాల్లో, సాయం అందినవాళ్లూ అందనివాళ్లూ కలిపి పది వేల మందికి పైగా, అందులో కెన్యా, ఉగాండా, మన దేశం కూడా ఉన్నాయి. పథకం ఊరికి వచ్చేసరికి వయసు దాటిపోయి సాయం అందని అన్నలు, అక్కలతో కూడా పోల్చి చూశారు. సాయం అందినవాళ్లు సుమారుగా ఏడాది నుంచి ఏడాదిన్నర ఎక్కువ చదివారు. పేదింట్లో ఏడాది చదువంటే చిన్న సంగతి కాదమ్మా.

బరంపురం అకౌంటెంట్:
ఉగాండాలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఆరేళ్లు పనిచేశాను. అక్కడ 1997లోనే ప్రాథమిక బడి ఫీజు తీసేశారు, అయినా యూనిఫాం, నోటు పుస్తకాలు, మధ్యాహ్నం తిండి ఖర్చు ఇంటి మీదే పడుతుంది, అది కట్టలేక మానేసే పిల్లల్ని కళ్లారా చూశాను. మా క్వార్టర్స్ దగ్గర ఊళ్లో ఎవరో దాతలు వేసిన చేతిపంపు వాషరు పోయి నెలల తరబడి పడి ఉండేది. బాగుచేసేవాడు లేడు, సామాను కొనడానికి డబ్బు పోగుచేసే మనిషీ లేడు. ఆడపిల్లలు బడి మానేసి చెరువుకి వెళ్లేవారు. పక్క ఊళ్లో మాత్రం ఇంటింటికీ కొంత వసూలు చేసే కమిటీ ఉండేది, ఇద్దరికి రిపేరు నేర్పించారు, ఆ పంపు నేను వచ్చేసేదాకా ఆగలేదు. అందుకే మీ అమ్మాయిని మూడు అడగమనండి. డబ్బు పాప ఇంటికా, ఊరి పనికా? ఆ ఊళ్లో ఎన్నేళ్లు ఉంటారు? వాళ్లు వెళ్లిపోయాక ఎవరు చూసుకుంటారు? సూటిగా జవాబు చెప్పకపోతే మానేయొచ్చు, కానీ చెప్పకుండా మధ్యలో ఆపేయవద్దు, అక్కడ పాప ఎదురుచూస్తూ ఉంటుంది. సవర పిల్లల మాట మీ ఆయన చెప్పింది నిజమే, దానికీ కొంత తీయండి. ఒకటి చేస్తే ఇంకోటి చేయకూడదని ఏముంది?

పర్లాకిమిడి అమ్మ:
ఈ రాత్రికే ఫోన్ చేసి అడగమంటాను. రాయగడ బాబూ, మీ తమ్ముడు ఇప్పుడు ఏం చేస్తున్నాడు?

రాయగడ బాబు:
లారీ నడుపుతున్నాడమ్మా. వాడి కూతురు తొమ్మిదో తరగతి. ఫీజు నేనే కడుతున్నాను.