‘ప్రైమర్’ సబ్‌టైటిల్స్ చివరికొచ్చేసరికి మాటల కంటే ముందే వచ్చేస్తున్నాయి

షేన్ కరూత్ దాదాపు 7,000 డాలర్లతో తీసిన ‘ప్రైమర్’ (2004) ఇంట్లోవాళ్లకు చూపించాలనుకుంటున్నాను. తక్కువ బడ్జెట్ సైన్స్ ఫిక్షన్‌లో నాకు దీన్ని మించింది లేదు. గ్రాఫిక్స్ హంగామా ఉండదు, టైమ్ మెషీన్ అంటే గ్యారేజీలో చేసిన పెట్టె. కథంతా ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూ గబగబా మాట్లాడుకోవడంలోనే ఉంది. సబ్‌టైటిల్ ఒక్క సెకను తప్పినా ఎవరేమన్నారో అందదు.

వీడియో 77 నిమిషాలు, సెకనుకు 23.976 ఫ్రేములు. మొదట్లో సబ్‌టైటిల్స్ సరిగ్గానే ఉన్నాయి. 40వ నిమిషానికి రెండున్నర సెకన్లు, చివర్లో నాలుగున్నర సెకన్లు ముందే వస్తున్నాయి. వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో జి, హెచ్ కీలతో సబ్‌టైటిల్స్ జరిపితే చివర కుదిరి మొదలు చెడుతోంది. వేరే ఎస్ఆర్‌టీ (సబ్‌టైటిల్) ఫైలు పెట్టినా ఇంతే.

ఫైలు మొత్తం ఒకేసారి సరిపోవాలంటే ఏ సెట్టింగ్‌లో ఏ అంకె మార్చాలి?