పచ్చి కట్టె బ్యారన్‌కు పనికొస్తుందా, పనికిరాదా?

మెట్ట చేను:
వర్జీనియా పొగాకు ఆకును సెగతో ఎండబెట్టే (క్యూరింగ్ చేసే) గదులు, అంటే బ్యారన్లకు కట్టె దింపుకునే రోజులు. ఏటా వినే మాటే మళ్లీ వినబడుతోంది: "ఆకు పసుపు తిరిగేటప్పుడు సన్న సెగే కదా కావాల్సింది, అప్పుడు పచ్చి సుబాబుల్ వేసినా ఏం కాదు, ఎండు సరుగుడుకు ఎక్కువ పెట్టడం దండగ." కిలో ఆకు క్యూరింగ్‌కు నాలుగైదు కిలోల కట్టె పోతుంది, కాబట్టి చిన్న ఖర్చేం కాదు. లెక్క తెలిసినవాళ్లు చెప్పండి.

కాటా రసీదు:
కాటా మీద కొనేవాడికి పచ్చి కట్టె ఎప్పుడూ నష్టమే. అప్పుడే నరికిన కట్టె బరువులో దాదాపు సగం నీళ్లు. టన్ను కొంటే మీ చేతికొచ్చే కట్టె 500 కిలోలు. బాగా ఎండిన దాంట్లో నీరు 20 శాతం, అంటే కట్టె 800 కిలోలు. పొడి కట్టె ఏ జాతిదైనా కిలోకు సుమారు 4,500 కిలోక్యాలరీలు వేసుకోండి. కిలో నీటిని ఆవిరి చేయడానికి 600 తీసేయండి. పచ్చి టన్నుకు 19.5 లక్షలు, ఎండు టన్నుకు 34.8 లక్షల కిలోక్యాలరీలు మిగులుతాయి. ఉదాహరణకు పచ్చి కట్టె టన్ను 3,000 అయితే, ఎండుది 5,300 దాకా పెట్టి కొన్నా నష్టం లేదు.

రెండ్రూపాయల వడ్డీ:
మీ లెక్క తప్పు కాదండీ, కానీ అది ఎండుది కొనేవాడి లెక్క. పచ్చిది కొని సొంతంగా ఎండబెట్టుకునేవాడికి వేరే లెక్క ఉంది. పచ్చి టన్ను ఎండితే 625 కిలోలవుతుంది. దాంట్లో 21.75 లక్షల కిలోక్యాలరీలు. అంటే ఎండబెట్టినందుకు పెరిగింది 11, 12 శాతం మాత్రమే. మేలో కొని జనవరిలో కాల్చాలంటే ఎనిమిది నెలలు, నూటికి రెండు రూపాయల చొప్పున 16 శాతం వడ్డీ. చెదలు, పుచ్చు, వానలు అదనం. "నీరు ఆవిరి చేయడానికే సగం వేడి పోతుంది" అనే మాట వట్టిది. పోయేది 13 శాతం.

ఫ్లూ గొట్టం:
13 శాతం నిజమే. అయితే అది కట్టె పూర్తిగా కాలినప్పటి మాట. పచ్చి కట్టె పొయ్యిలో పూర్తిగా కాలదు, అసలు నష్టం అక్కడుంది. మంట చల్లబడి, కట్టెలోంచి వచ్చే వాయువులు అంటుకోకుండానే పొగగా పోతాయి. ఆ పొగ కూడా ఇంధనమే. మంట ఆరిపోతుందని పొయ్యి తలుపు బార్లా తీస్తారు, ఆ గాలి ఉన్న వేడిని కాస్తా చిమ్నీలోకి లాక్కుపోతుంది.

"పసుపు దశలో పచ్చిది పర్వాలేదు" అన్నదానికి నా జవాబు: పర్వా ఉంది. 90–105 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నడిపేటప్పుడు, పొయ్యి పొగను బ్యారన్ గుండా తీసుకెళ్లే గొట్టాలు చల్లగా ఉంటాయి, పచ్చి పొగలోని తారు లోపలి గోడకే అంటుకుంటుంది. గొట్టం అతుకు దగ్గర నల్లగా, జిగటగా, మెరుస్తూ కారి గడ్డకట్టినది అదే. మసి పొర మందమైతే గొట్టం వేడిని బ్యారన్‌లోకి వదలదు. ఆఖర్న ఈనె ఎండేందుకు 160కి ఎక్కించేటప్పుడు ఆ తారే అంటుకుని గొట్టం ఎర్రబడుతుంది. దాని మీద ఒక్క ఆకు రాలినా బ్యారన్ మొత్తం పోతుంది. సన్న సెగ కావాలంటే ఎండిన లావు మొద్దు ఒకటి పెట్టి, గాలి రేకు తగ్గించండి. సెగను అదుపు చేయాల్సింది కట్టె మందం, గాలి. నీళ్లు కాదు.

రెండ్రూపాయల వడ్డీ:
పొయ్యి సంగతి ఒప్పుకుంటా. అలాగని మొత్తం కట్టె ఎనిమిది నెలలు ఆపుకోమంటే చిన్న రైతు వల్ల కాదు.

ఫ్లూ గొట్టం:
మొత్తం వద్దు. ఈనె ఎండే దశకు మాత్రం ఒక్క పచ్చి కట్టె వాడొద్దు. అప్పుడు వేడి పడిపోతే ఈనెలోని తడి మళ్లీ ఆకులోకి పాకి, ఈనె వెంట నల్లటి చార పడుతుంది. గ్రేడు పడిపోతే వచ్చే నష్టం ముందు మీ 16 శాతం వడ్డీ ఎంతండీ?

సరుగుడు తోట:
జాతుల గురించి ఎవరూ చెప్పలేదు. సరుగుడు, సర్కారు తుమ్మ పచ్చివైనా మండుతాయన్నది నిజం, కానీ పొగ తారు తప్పదు. తుమ్మ, సరుగుడు, చింత పచ్చిగా ఉన్నప్పుడే చీల్చాలి, ఎండాక గొడ్డలి దిగదు. మామిడి త్వరగా పుచ్చుతుంది, ఆ ఏడాదే కాల్చేయండి. సుబాబుల్‌కు చెక్కను తొలిచి పొడి చేసే పురుగు పడుతుంది. బెరడు తీస్తే త్వరగా ఆరుతుంది.

ఎనిమిది నెలలు అక్కర్లేదు. చెట్టు నరికాక కొమ్మలు కొట్టకుండా, ఆకులు వాడి ఎండేదాకా పది పదిహేను రోజులు వదిలేయండి, ఆకులే మానులోని నీటిని లాగేస్తాయి. తర్వాత పొయ్యి పొడవుకు కోసి, నాలుగంగుళాలు దాటినవి చీల్చండి. నీరు అడ్డంగా కంటే కోసిన చివర్ల గుండానే ఎన్నో రెట్లు వేగంగా పోతుంది. జానెడు ఎత్తు రాళ్ల మీద ఒక్క వరసే పేర్చి, చివర్లు పడమటికి పెట్టండి, మే నెల పడమటి గాలి మిగతా పని చూసుకుంటుంది. వరసకూ వరసకూ మధ్య అడుగు సందు. పట్టా పైన మాత్రమే కప్పండి. పక్కలు కూడా మూస్తే లోపల చెమర్చి బూజు పడుతుంది. చీల్చిన సుబాబుల్‌కు ఎండాకాలంలో రెండు మూడు నెలలు చాలు, లావు తుమ్మకు చాలదు.

కాటా రసీదు:
ఎండిందని అమ్మేవాడి మాట ఎలా నమ్మడం? తేమ మీటరు పెడితే 25 శాతం చూపిస్తుంది.

సరుగుడు తోట:
బయట కాకుండా, అక్కడికక్కడ చీల్చి లోపలి ముఖం మీద, నార వెంట పెట్టి చూడండి. ఆ మీటర్లు ఎక్కువగా పొడి కట్టె బరువు మీద శాతం చూపిస్తాయి. అందులో 25 అంటే, మొత్తం బరువు మీద వేసిన మీ లెక్కలో 20, కొనొచ్చు. 40 దాటితే పచ్చి ధర అడగండి. మీటరు లేకపోతే లోపలి చెక్క నుంచి 100 గ్రాముల పేళ్లు తీసి, బరువు తగ్గడం ఆగేదాకా ఓవెన్లో 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎండబెట్టి తూచండి. 80 మిగిలితే సరిపోయినట్టు. చివర్ల పగుళ్లు చూసి మోసపోవద్దు, చివర ఎండినా నడుమ తడి ఉంటుంది.

మెట్ట చేను:
మరి ఇప్పటికే పచ్చిది దింపేసుకున్నవాళ్లు?

ఫ్లూ గొట్టం:
సన్నవి, చీల్చినవి వేరు చేసి పొయ్యి గది పక్కన గాలి తగిలే చోట పేర్చండి, అవి ఆఖరి దశకు. లావువి పసుపు దశకు వాడక తప్పకపోతే ఎండు వాటితో కలిపి వేయండి. ప్రతి క్యూరింగ్ తర్వాత గొట్టాలు విప్పి మసి దులపండి.