డబ్బా మీద 1080పి, తెర మీద 480పి: తప్పు కెమెరాదా, సిస్టమ్‌దా?

వీణమ్మ కొడుకు: అమ్మ రాజమండ్రిలో ఇంటి నుంచే డల్లాస్, న్యూజెర్సీ పిల్లలకి వీణ నేర్పుతుంది. డెస్క్‌టాప్‌కి కొత్త వెబ్‌క్యామ్ కొన్నాం. డబ్బా మీద 1080పి (బొమ్మలో పైనుంచి కిందికి 1080 గీతలు, అంకె పెరిగితే స్పష్టత పెరుగుతుంది) అని ఉంది. విండోస్ కెమెరా యాప్‌లో మాత్రం వీడియో క్వాలిటీ దగ్గర 480పి ఒక్కటే చూపిస్తోంది. అమ్మ వేలు ఏ మెట్టు మీద ఉందో పిల్లలకి తెలియట్లేదు. గమకానికి తీగ లాగితే చెయ్యంతా మసక. ఇది పచ్చి మోసం అంటాను.

సిస్టమ్ డాక్టర్: మోసం అనే ముందు వైరు చూడండి బాబూ. యూఎస్‌బీ 2.0 వేగం సెకనుకి 480 మెగాబిట్లు. 30 ఫ్రేముల 1080పి వీడియోని కుదించకుండా వైయూవై2 అనే ఫార్మాట్‌లో పంపాలంటే దాదాపు 995 మెగాబిట్లు కావాలి. పట్టదు. అందుకే కెమెరాలోనే ఎంజేపెగ్‌గా, అంటే ఒక్కో ఫ్రేమునీ ఫోటోలా, కుదిస్తారు. ఎక్స్‌టెన్షన్ వైరు నాసిరకమైతే కనెక్షన్ 12 మెగాబిట్లకి పడిపోవచ్చు, అప్పుడు పెద్ద సైజులు లిస్టులోకే రాకపోవచ్చు. వెనక మదర్‌బోర్డు పోర్టులో నేరుగా పెట్టండి.

గుంటూరు మిర్చి: గదిలో ట్యూబ్‌లైట్ ఒకటేనా? వెలుగు చాలకపోతే చెయ్యి కదిలినప్పుడల్లా మసకే.

వీణమ్మ కొడుకు: లైటు గొడవ కాదండీ. డబ్బా మీద 1080పి అని రాశారా లేదా? అది చెప్పండి.

సిస్టమ్ డాక్టర్: రాశారు. అది రావాలంటే పోర్టు సరిగ్గా ఉండాలి అంటున్నా. వైరు మార్చారా?

వీణమ్మ కొడుకు: వైరు మార్చాలని డబ్బా మీద రాయలేదు.

సిస్టమ్ డాక్టర్: 15 ఏళ్ళుగా షాపు నడుపుతున్నాను. మీలాంటివాళ్ళు బాగున్న కెమెరాని ముందువైపు పోర్టులో పెట్టి, పాడైందని తెచ్చి కౌంటర్ మీద పడేస్తారు. సీలు విప్పిన సరుకు కంపెనీ తీసుకోదు. ఆ డబ్బు నా జేబులోంచే పోతుంది.

వీణమ్మ కొడుకు: మా అమ్మకి 62. వైయూవై2 అంటే ఏంటో ఆవిడకెందుకు తెలియాలి? ఇద్దరు పిల్లలు మానేశారు సార్. ఆ నష్టం ఎవరి జేబులోది?

కృష్ణ ఒడ్డు: ఇద్దరూ ఆగండి. ఎక్స్‌టెన్షన్ వైరు తీసేసి వెనక పోర్టులో పెట్టండి. పంచాంగం పేజీని కెమెరా ముందు కదలకుండా నిలబెట్టి 720లో ఒకసారి, 1080లో ఒకసారి వీడియో తియ్యండి. రెండూ ఒకే సైజుకి పెద్దవి చేసి తిథుల అక్షరాలు చూడండి. 1080లో ఏమాత్రం తేడా లేకపోతే, ఫోకస్ సరిగ్గానే ఉంటే, సెన్సార్ (బొమ్మని పట్టే చిప్) చిన్నదై బొమ్మని సాగదీస్తూ ఉండొచ్చు.

వీణమ్మ కొడుకు: చేశాను. వెనక పోర్టులో 1080 లిస్టులోకి వచ్చింది. వైరు విషయంలో డాక్టర్ గారి మాటే నిజం. కానీ అక్షరాలు రెండింట్లోనూ ఒకేలా అలుక్కుపోయాయి. ‘దశమి’ని ‘నవమి’ అని చదివాను.

సిస్టమ్ డాక్టర్: ఫోకస్ రింగు తిప్పి చూశారా?

వీణమ్మ కొడుకు: ఈ మోడల్‌కి రింగు లేదు.

సిస్టమ్ డాక్టర్: అయితే డబ్బా మీద రాసింది తప్పే. ఒప్పుకుంటున్నాను. వెంటనే రిటర్న్ పెట్టండి.

వీణమ్మ కొడుకు: గడువు నిన్నటితో అయిపోయింది. వారం నుంచీ మనం ఇక్కడ వైరు గురించే కొట్టుకుంటున్నాం.